రెంటచింతల ఎండ, వంతెన వంపు



ఎండాకాలంలో వార్తల చివర వాతావరణ విశేషాలు చదివేటప్పుడు రెంటచింతల పేరు వినపడని ఏడాది అరుదు. మాచర్లకూ గురజాలకూ నడుమ ఉన్న ఆ ఊళ్లో ఎండ 45 డిగ్రీలు దాటడం పల్నాటి వాళ్లకు వింతేమీ కాదు. తలకు తువ్వాలు చుట్టుకుని, కుండలో నీళ్లు తాగి, మధ్యాహ్నం పూట ఇంటిపట్టున ఉండి మనుషులు ఎలాగో గట్టెక్కుతారు. అదే ఎండలో రాత్రింబవళ్లు నిలబడే రోడ్డు వంతెనకు ఆ వెసులుబాటు లేదు. దాని పైనున్న కాంక్రీటు స్లాబ్ తన లోపలి తేమను ఏళ్ల తరబడి గాలికి వదులుతూనే ఉంటుంది. తేమ పోయిన కొద్దీ స్లాబ్ పొట్టిదవుతుంది. దాన్ని మోస్తున్న ఉక్కు గర్డర్ మాత్రం పొట్టిది కాదు. రెంటినీ విడిపోకుండా కలిపి కట్టారు కాబట్టి ఒకటి కుదించుకుంటే రెండోది వంగక తప్పదు. లారీ ఒక్కటీ ఎక్కకపోయినా వంతెన మధ్యభాగం కిందికి దిగుతుంది. ఎంత దిగుతుంది, ఎన్నాళ్లకు దిగుతుంది అనే లెక్క గురించే ఈ ప్రసంగం.

పల్నాడులో ఇలాంటి వంతెనల అవసరం పెరుగుతోంది. నరసరావుపేట, వినుకొండల మీదుగా పోయే గుంటూరు–గుంతకల్లు రైలు మార్గానికి రెండో లైను 2016–17లో మంజూరైంది. సత్తెనపల్లి, పిడుగురాళ్ల, నడికుడి మీదుగా పోయే 239 కిలోమీటర్ల గుంటూరు–బీబీనగర్ మార్గం డబ్లింగుకు 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. నడికుడి నుంచి శ్రీకాళహస్తికి 309 కిలోమీటర్ల కొత్త లైను ఎటూ ఉండనే ఉంది. రైళ్లు పెరిగితే గేట్ల దగ్గర సున్నం లారీలు, సిమెంటు లారీలు, మిరపకాయల బస్తాల ట్రాక్టర్లు బారులు తీరతాయి. అప్పుడు గేటు తీసేసి పైన వంతెన కట్టమంటారు.

పట్టాల మీద సెంట్రింగ్ పెట్టి, కింద పోట్లు నిలబెట్టి స్లాబ్ వేయడం కుదిరే పని కాదు. రైళ్లు ఆపి ఇచ్చే ఒకటి రెండు గంటల వ్యవధిని రైల్వే వాళ్లు బ్లాక్ అంటారు. ఆ కాస్త సమయంలోనే క్రేను గర్డర్లను ఎత్తి పియర్లనే స్తంభాల మీద కూర్చోబెట్టాలి. ముందే తయారైన ఉక్కు గర్డర్ ఈ పనికి సరిగ్గా సరిపోతుంది. తర్వాత దాని మీదే షట్టరింగ్ కట్టి స్లాబ్ పోస్తారు. లక్నోలోని రైల్వే పరిశోధనా సంస్థ ఆర్‌డీఎస్‌ఓ ఇలాంటి కాంపోజిట్ గర్డర్లకు, అంటే ఉక్కూ కాంక్రీటూ జంటగా పనిచేసే గర్డర్లకు, రకరకాల పొడవుల్లో నమూనా డ్రాయింగులు విడుదల చేసింది.

ముడిసరుకు మాటకొస్తే పల్నాడు సగం సొంతదారే. సున్నపురాయి మీద కూర్చున్న నేల ఇది. మాచర్లలో కేసీపీ వారి సిమెంటు ఫ్యాక్టరీ 1958లో మొదలైంది. పిడుగురాళ్ల, దాచేపల్లి పరిసరాల్లో సున్నం బట్టీలు, సిమెంటు కర్మాగారాలు లెక్కకు మించి ఉన్నాయి. స్లాబ్‌లో వేసే చువ్వలు విశాఖ నుంచి రావచ్చు. గర్డర్‌కు కావలసిన మందపాటి ప్లేటు మాత్రం విశాఖలో తయారవదు. అక్కడ చేసేది చువ్వలు, చానెళ్లు, యాంగిళ్ల లాంటి పొడుగు సరుకు. ప్లేటు భిలాయి లాంటి చోట్ల నుంచి తెప్పించుకోవాలి.

ఇక ఉక్కు గర్డరూ కాంక్రీటు స్లాబూ కలిసి పనిచేయడమంటే ఏమిటో చూద్దాం. పల్నాటి పాత ఇళ్లలో చెక్క దూలాల మీద నాపరాళ్లు పరిచిన పైకప్పులు ఇప్పటికీ కనిపిస్తాయి. అక్కడ రాయి దూలం మీద ఊరికే ఆని ఉంటుంది. దూలం వంగినప్పుడు రాయి దాని మీద కొద్దిగా జారుతుంది. మోత అంతా దూలానిదే, రాయి ఉత్త బరువు. కాంపోజిట్ గర్డర్‌లో ఆ జారుడును ఆపేస్తారు. గర్డర్ పైఅంచు మీద బొటనవేలంత లావున్న, తల ఉన్న ఉక్కు మేకులను, అంటే స్టడ్‌లను, వరసలుగా వెల్డింగ్ చేసి, అవి మునిగేలా కాంక్రీటు పోస్తారు. వీటి పుట్టుక కూడా తమాషాగానే ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో కాలిఫోర్నియా ఓడల యార్డులో పనిచేసిన నెల్సన్ అనే మనిషి, యుద్ధనౌకల మీద చెక్క బల్లలు బిగించడానికి ఈ స్టడ్ వెల్డింగ్ పద్ధతి కనిపెట్టాడు. యుద్ధం ముగిశాక వంతెనల వాళ్లు దాన్ని అందుకున్నారు. 1950ల్లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఐవన్ వీస్ట్ చేసిన పరీక్షలతో దానికి శాస్త్రీయమైన లెక్క ఏర్పడింది.

కాగితం మీద ఒక గర్డర్ గీసుకుందాం. పొడవు 24 మీటర్లు, ఎత్తు 1.2 మీటర్లు. పైన 200 మిల్లీమీటర్ల మందం, రెండున్నర మీటర్ల వెడల్పు స్లాబ్. పై అంచు ప్లేటు 300 మి.మీ. వెడల్పు, కింది ప్లేటు 450. ఉక్కు ఒక్కదాని బిగువు ఒక వంతు అనుకుంటే, స్టడ్‌లతో స్లాబ్ కలిసిన తర్వాత అది మూడు వంతులు దాటుతుంది. ఇంజనీర్లు ఈ పద్ధతిని ఇంతగా ఇష్టపడటానికి కారణం ఆ లాభమే. అయితే ఇది మొదటి రోజు లెక్క.

ఉక్కు మామూలు బరువుల కింద ఏళ్లు గడిచినా తన గుణం మార్చుకోదు. కాంక్రీటు మారుతుంది. దానికి రెండు అలవాట్లున్నాయి. ఒకటి సంకోచం. ఎండిన కొద్దీ, బరువుతో సంబంధం లేకుండా, కుదించుకుపోతుంది. రెండోది క్రీప్. మీద శాశ్వతంగా బరువుంటే మొదట నొక్కుకున్న దానికి మరో ఒకటిన్నర రెట్లో, రెండు రెట్లో నెమ్మదిగా అదనంగా నొక్కుకుంటుంది. మన కాంక్రీటు కోడ్ ఐఎస్ 456 ప్రకారం 28 రోజుల వయసులో బరువు పడితే క్రీప్ గుణకం 1.6, తొందరపడి ఏడో రోజే బరువు పెడితే 2.2, ఏడాది ఆగి పెడితే 1.1. సంకోచానికి అదే కోడ్ ఇచ్చే ఉజ్జాయింపు, మీటరుకు 0.3 మిల్లీమీటర్లు.

ఈ క్రీప్ సంగతి మొదట్లో పెద్ద ఇంజనీర్లకే అంతుపట్టలేదు. ఫ్రాన్స్‌లో ఆలియే నది మీద 1911లో ఫ్రెసినే అనే ఇంజనీరు కట్టిన ల వెర్ద్ర్ ఆర్చి వంతెన, తెరిచిన కొద్ది నెలల్లోనే నడిమి భాగాల్లో కుంగడం మొదలుపెట్టింది. 13 సెంటీమీటర్ల దాకా దిగిందంటారు. అదృష్టవశాత్తూ ఆర్చి నడినెత్తిన జాకీలు పెట్టే సందులను ఆయన ముందే వదిలిపెట్టి ఉన్నాడు. రాత్రికి రాత్రే నమ్మకస్తులైన కొద్దిమంది పనివాళ్లను వెంటబెట్టుకుని వెళ్లి, జాకీలతో వంతెనను పైకెత్తి సరిచేశాడు. అంత సరంజామా ముందుచూపుతో వదిలిపెట్టిన ఇంజనీరు ఎందరికో ఒకడుంటాడు.

మన గర్డర్ దగ్గరికి వద్దాం. దాని స్లాబ్ మీటరుకు 0.3 మిల్లీమీటర్లు కుదించుకోవాలనుకుంటుంది, ఉక్కు అడ్డుపడుతుంది. ఆ పెనుగులాటలో పుట్టే బలం సుమారు 200 టన్నులు. స్లాబ్ గర్డర్‌కు పైభాగాన ఉంది కాబట్టి ఈ బలం గర్డర్‌ను కిందికి వంచుతుంది. 24 మీటర్ల పొడవులో మధ్యన వంపు సుమారు 16 మిల్లీమీటర్లు వస్తుంది. ఇది చిన్నదా పెద్దదా? వాహనాల బరువుకు వంతెనల కోడ్ ఒప్పుకునే వంపు పొడవులో 800వ వంతు, అంటే ఈ గర్డర్‌కు 30 మిల్లీమీటర్లు. అందులో సగానికి పైగా వంపు ఏ వాహనమూ రాకుండానే, ఎండ ఒక్కటే తెచ్చిపెడుతుందన్నమాట. అందుకే ఫ్యాక్టరీలోనే గర్డర్‌ను ముందుగా పైకి వంచి తయారుచేస్తారు. దాన్ని కాంబర్ అంటారు. ఆ కాంబర్ ఎంత పెట్టాలో తేలాలంటే ముప్పై ఏళ్ల తర్వాతి సంకోచం ఈరోజే తెలియాలి.

క్రీప్‌ను లెక్కలోకి తీసుకోవడానికి కోడ్‌లు ఎంచుకున్న దారి చాలా సులువైనది. వంతెనలకు వర్తించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కోడ్ ఐఆర్‌సీ 22, 2015 సవరణలో, కొద్దిసేపు ఉండే బరువులకు ఉక్కు బిగువు కాంక్రీటు కంటే కనీసం ఏడున్నర రెట్లు అనుకోమంటుంది. శాశ్వత బరువులకు కనీసం 15 రెట్లు అనుకోమంటుంది. మరో మాటలో, కాలం గడిచాక కాంక్రీటు సగం బిగువే చూపిస్తుందని అంచనా. కాంక్రీటు సగానికి పడిపోతే వంతెన కూడా సగమైపోదా అని ఎవరికైనా అనుమానం రావచ్చు. మన గర్డర్‌కు లెక్కవేస్తే మొత్తం బిగువు తగ్గేది 16 శాతమే. కాంక్రీటు వదిలేసిన భారాన్ని ఉక్కు అందుకుంటుంది. జంట కట్టడంలోని ఉపకారం ఇదే.

ఇక్కడ రైలు పట్టాల మీదుగా కట్టే రోడ్డు వంతెనలకు ప్రత్యేకమైన ఒక సంగతి ఉంది. దాన్ని పాఠ్యపుస్తకాలు ఒక్క పేరాలో దాటేయడం అన్యాయం. పట్టాల మీద పోట్లు పెట్టడానికి వీల్లేదు కాబట్టి పచ్చి స్లాబ్ బరువంతా ఒంటరి ఉక్కు గర్డరే మోస్తుంది. కాంక్రీటు గట్టిపడేసరికి ఆ వంపు అయిపోయింది, ఆ బరువు ఉక్కు ఖాతాలో పడిపోయింది. కాంక్రీటు పంచుకునే శాశ్వత బరువంటూ ఉంటే అది తారు పొర, పక్కగోడలు, ఫుట్‌పాత్‌లే. బరువు తక్కువైతే క్రీప్ వల్ల వచ్చే వంపూ తక్కువే. పోట్లు పెట్టి కట్టిన వంతెనలో పోట్లు తీసిన క్షణాన స్లాబ్ బరువు కూడా జంట గర్డర్ మీద పడుతుంది. అక్కడ క్రీప్ గట్టిగా పనిచేస్తుంది. అంచేత మన రైల్వే ఓవర్‌బ్రిడ్జిల దీర్ఘకాలపు కథలో అసలు పాత్ర సంకోచానిది. సంకోచం ఊళ్లో గాలిని బట్టి ఉంటుంది.

యూరప్ సూత్రాల బాటలోనే నడిచే మన కాంక్రీటు వంతెనల కోడ్ ఐఆర్‌సీ 112లో గాలిలోని తేమ శాతం ఒక ముఖ్యమైన అంకె. సముద్రం ఒడ్డున 80 శాతం తేమకు కట్టిన లెక్కనే తీసుకుని, తేమను 50 శాతానికి తగ్గించి చూస్తే, ఎండు సంకోచం దాదాపు 1.8 రెట్లవుతుంది. 200 మిల్లీమీటర్ల స్లాబ్‌కు క్రీప్ దాదాపు 1.4 రెట్లవుతుంది. బాపట్ల తీరంలోనూ రెంటచింతల రాళ్లనేలలోనూ ఒకే డ్రాయింగుతో, ఒకే సిమెంటుతో కట్టిన రెండు గర్డర్లు ఒకేలా వంగవు. పైగా ఏడాది పొడవునా సగటు తేమ చెబితే సరిపోదు. వైశాఖంలో స్లాబ్ పోస్తే మొదటి వారంలోనే పైపొర నుంచి నీరు లాగేసుకుంటుంది. గోనె సంచులు పరిచి పూట పూటా తడపడం మేస్త్రీకి చాదస్తంగా కనిపించవచ్చు. ముప్పై ఏళ్ల వంపులో కొంత భాగం ఆ వారంలోనే తీర్మానమవుతుంది.

ఇంకా నిక్కచ్చిగా లెక్క కట్టేవారికి వేరే సాధనాలున్నాయి. బరువు ఒక్కసారిగా పడకుండా నెమ్మదిగా పెరిగితే, వయసు మీరిన కాంక్రీటు మీద పడిన వాటా తక్కువ క్రీప్ తెస్తుంది. ఈ సంగతిని జర్మనీలో ట్రోస్ట్ 1967లో ఒక గుణకంగా రూపొందించాడు. 1972లో అమెరికాలో బజాంత్ దాన్ని సరైన గణిత పునాది మీద నిలబెట్టాడు. ఆ గుణకం చాలాసార్లు 0.8 దరిదాపుల్లో ఉంటుంది. అంతకంటే ముందుకు పోతే కాలాన్ని రోజులుగా, నెలలుగా, సంవత్సరాలుగా ముక్కలు చేసి, స్లాబ్ మందాన్ని పొరలుగా విడగొట్టి, స్టడ్‌ల దగ్గర జరిగే కొద్దిపాటి జారుడును కూడా కలిపి కంప్యూటర్‌తో అడుగడుగునా లెక్కించవచ్చు. ఆ జారుడుకు సమీకరణం న్యూమార్క్, సీస్, వీస్ట్ 1951లోనే రాసిపెట్టారు. స్లాబ్ కింద ఇనుప రేకు వదిలేసే ఆఫీసు భవనాల్లో తేమ పైనుంచి మాత్రమే పోగలదు. పైపొర ఎక్కువగా, కిందిపొర తక్కువగా కుదించుకుంటాయి. అక్కడ సమానమైన సంకోచం అనుకుని చేసిన లెక్క వంపును తక్కువగా చూపిస్తుందని సిడ్నీలో రాంజీ బృందం చేసిన పరీక్షలు తేల్చాయి.

లెక్క తప్పితే ఏమవుతుందో చెప్పడానికి అందరూ చూపించే ఉదాహరణ పసిఫిక్ మహాసముద్రంలోని పలావు దీవుల్లో ఉంది. కోరోర్ దగ్గర 1977లో 241 మీటర్ల స్పాన్‌తో ఒక కాంక్రీటు వంతెన కట్టారు. 1990 నాటికే దాని మధ్యభాగం ఒక మీటరుకు పైగా దిగిపోయింది. సరిచేసే పనులు ముగిసిన కొద్ది నెలలకే, 1996 సెప్టెంబరు 26న కూలిపోయి ఇద్దరిని బలితీసుకుంది. అది కాంపోజిట్ వంతెన కాదు, ఉక్కు గర్డర్ తోడు లేని ప్రీస్ట్రెస్డ్ కాంక్రీటు. అయినా పాఠం క్రీప్‌దే. ఆ వంతెన సమాచారం ఏళ్ల తరబడి రహస్యంగా ఉండిపోయింది. అది బయటికొచ్చాక బజాంత్ బృందం ఇంకా వెతికితే, అనుకున్నదానికంటే ఎక్కువగా వంగుతున్న స్పాన్లు ప్రపంచంలో యాభైకి పైనే కనిపించాయి. అప్పటి కోడ్‌ల సూత్రాలు కొన్నేళ్లకు క్రీప్ ఆగిపోతుందన్నట్టు గీత గీశాయి. ఆ వంతెనల వంపు మాత్రం ఆగలేదు.

మళ్లీ కాంపోజిట్ వంతెనలకు వస్తే, హైదరాబాదులో 2023 ఆగస్టు 19న తెరిచిన ఇందిరా పార్కు–వీఎస్‌టీ ఉక్కు వంతెన, సుమారు 2.25 కిలోమీటర్లది, నాయిని నరసింహారెడ్డి పేరు పెట్టినది, తెలుగు నగరంలో ఉక్కు గర్డర్ల మీద స్లాబ్ పోసే పద్ధతికి పెద్ద ప్రదర్శన. కోల్‌కతాలో 1992లో తెరిచిన విద్యాసాగర్ సేతు 457 మీటర్ల స్పాన్‌లో అదే జంటను కేబుళ్లకు వేలాడదీసింది. గర్డర్‌ను పియర్ల మీదుగా తెగకుండా సాగిస్తే చిక్కు ఇంకాస్త పెరుగుతుంది. పియర్ నెత్తిన స్లాబ్ లాగుడులో ఉంటుంది, దానికి సంకోచం తోడై పగుళ్లు వస్తాయి. పగిలినచోట స్లాబ్‌ను లెక్కలోంచి తీసేసి, చువ్వల్ని మాత్రమే ఉంచుకుంటారు.

భవనాలకు వర్తించే మన కాంపోజిట్ కోడ్ ఐఎస్ 11384, 1985లో వచ్చింది. దాని మొదటి సవరణకు 2022 దాకా పట్టింది. ముప్పై ఏడేళ్లు. ఆలస్యం సంగతి అలా ఉంచుదాం, ఇప్పుడు సూత్రాలకు కొరత లేదు. కొరత అంతా కొలతలకే.

పల్నాటికి పైఎత్తున నాగార్జునసాగర్, దిగువన పులిచింతల ఉన్నాయి. ఆనకట్టలకు 2021 నాటి చట్టం ప్రకారం కొలిచే పరికరాలు ఉండాలి, రీడింగుల పుస్తకం ఉండాలి. ఆనకట్ట లోపలి గ్యాలరీలో ఊట ఎంత వస్తోందో రాసిపెడతారు. రోడ్డు వంతెనకు ఆ మర్యాద దక్కలేదు. తెరిచే ముందు ఒక స్పాన్ మీద బరువులు ఎక్కించి పరీక్ష చేస్తారు. 2016లో కేంద్రం మొదలుపెట్టిన వంతెనల జాబితా పథకంలో కంటితో చూసి మార్కులు వేస్తారు. ఏటా మధ్యభాగం ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో రాసి ఉంచే అలవాటు మాత్రం లేదు.

ఆ పనికి పెద్ద ఖర్చేమీ కాదు. స్లాబ్ పోసేటప్పుడే మధ్యనా, రెండు చివరలా ఇత్తడి మేకులు పాతి, లెవెల్ యంత్రంతో చూసుకుంటే చాలు. నరసరావుపేటలో జేఎన్‌టీయూ కాకినాడ వారి ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. సివిల్ విద్యార్థులకు లెవెల్ పట్టడం మొదటి పాఠాల్లోదే. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. తెల్లవారుజామున, సూర్యుడు రాకముందే కొలవాలి. మధ్యాహ్నం ఎండకు స్లాబ్ ఉక్కుకంటే 10 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే, మన 24 మీటర్ల గర్డర్ సుమారు 7 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. ఏడాది సంకోచాన్ని అది కప్పేస్తుంది.

ఏడాది తర్వాత ఆ కొలత ఏం చెప్పగలదంటే, ఐఆర్‌సీ 112 పాటించే సూత్రం ప్రకారం 200 మిల్లీమీటర్ల స్లాబ్ తన ఎండు సంకోచంలో ముప్పాతిక వంతు మొదటి ఏడాదిలోనే ముగించేస్తుంది. 1990 నాటి యూరప్ నమూనా కోడ్ సూత్రం ప్రకారం అదే స్లాబ్ అదే ఏడాదిలో సగం కూడా ముగించదు, సుమారు 45 శాతం దగ్గరే ఉంటుంది. రెండూ పెద్ద కమిటీలు కూర్చుని ఒప్పుకున్న సూత్రాలే. మన గర్డర్‌కు అన్వయిస్తే ఒకటి సుమారు 12 మిల్లీమీటర్లంటుంది, రెండోది సుమారు 7 అంటుంది. మొదటిది నిజమైతే, ఆ మీదట దిగడానికి మిగిలేది నాలుగు మిల్లీమీటర్లే. రెండోది నిజమైతే సగానికి పైగా వంపు ఇంకా ముందుంది. తారు పొర వేసే రోజును, జాయింట్ల సందును, బేరింగుల దగ్గర తిరుగుడును దాన్నిబట్టి నిర్ణయించాలి. నడికుడి దగ్గరో, పిడుగురాళ్ల దగ్గరో ఒక కొత్త గర్డర్ మీద మేకులు పాతి ఏడాది పాటు చూస్తే, పల్నాటి గాలికి ఈ రెండు అంకెల్లో ఏది దగ్గరో తేలిపోతుంది.